తరగతి పేజీలో భజన మండలి

పరమేశ్ పని పోయింది బడి పంతులమ్మ వల్ల. లింగమూర్తికి ఇందులో రెండో మాట లేదు. కొన్నాళ్ళపాటు ఎవరడిగినా అదే చెప్పాడు. పిల్లలకు పాఠం చెప్పుకోక, ఊళ్ళో వాళ్ళ ఫోను గుంపుల లింకులన్నీ తెచ్చి తన తరగతి పేజీలో అతికించింది. ఒక మనిషి కూడు పోయింది. ఆమె జీతం ఆగలేదు.

ఇదంతా మొదలైన నాటికి శ్రావణం అప్పుడే వచ్చింది. వాళ్ళుండే ఉన్ బస్తీలో గల్లీలన్నీ బురద. రాత్రి పాళీ చేసి వచ్చి పడుకున్న లింగమూర్తి మధ్యాహ్నం లేచి దిండు కింద నుంచి ఫోను తీశాడు. భజన మండలి గుంపులో ఒక కొత్త వరుస కనబడింది. తెలియని నంబరు ఒకటి లింకు ద్వారా చేరిందని రాసి ఉంది. ఫోటో ఉండాల్సిన చోట వెన్న తింటున్న బాలకృష్ణుడు. పేరు లేదు. దాని కింద ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఎప్పుడూ సంతలా ఉండే గుంపు పొద్దుటి నుంచి నోరు మూసుకుంది.

పేరుకు అది మార్కండేయ భజన మండలి. అందులో భజన వచ్చినవాడు ఒక్కడూ లేడు. సచిన్ కార్ఖానాల వాడలో ఒకే కార్ఖానాలో రాత్రి పాళీ బట్ట నేసే మర సాంచెలు నడిపే మనుషులు పెట్టుకున్న గుంపు. పాళీ మొదలు కాగానే వాచ్‌మన్ షట్టరు దించి బయట నుంచి తాళం వేస్తాడు. తెల్లారాక తీస్తాడు. బట్ట బయటికి పోకూడదని యజమాని శేఠ్ మాట. లోపల నిప్పంటుకుంటే మనిషి కూడా బయటికి పోలేడు. ఈ తాళం సంగతి లేబర్ ఆఫీసులో పెట్టాలని గుంపులో మాట్లాడుకుంటున్నారు. శేఠ్ మనుషులు ఎవరి భుజం మీది నుంచి తొంగి చూసినా అనుమానం రాకుండా కులదైవం పేరు పెట్టారు. ఆ ఉపాయం పరమేశ్‌ది. "మార్కండేయుడు మనోడే, ఏమనుకోడు" అన్నాడు.

లింగమూర్తి బొటనవేలితో గుంపును పైకి తోశాడు. పోయిన వారం వీడియో అక్కడే ఉంది. షట్టరు పక్క సందులోంచి బయటి తాళం కనబడుతోంది. రాగి కడియం వేసుకున్న చెయ్యి ఒకటి షట్టరును పట్టి ఊపుతోంది. తాళం ఊగుతోంది, ఊడదు. సాంచెల మోత తప్ప మాట లేదు. చెయ్యి పరమేశ్‌ది. ఫోనూ పరమేశ్‌దే. తీసింది మాత్రం లింగమూర్తి. ఊపమని కనుసైగ చేసిందీ అతనే.

తనకు కనబడింది కదా. కొత్తవాడు కూడా వేలితో పైకి తోస్తే చాలు, ఇదే కనబడుతుంది.

ఫోను మోగింది. పరమేశ్.

"మూర్తన్నా, చూసినవా? ఎవడాడు?"

"నాకేం ఎరుక."

"మనోళ్ళను అందర్నీ అడిగిన. ఎవ్వడూ చేర్పియ్యలే. లింకు మీద వచ్చిండట. లింకు ఎవడిచ్చిండు?"

"ఎవడైతే ఏంది. తీసెయ్ వాన్ని."

"తీస్తే ఇంకా మునుగుతం. శేఠ్ మనిషే అయితే, భజనల నుంచి నన్నెందుకు ఎల్లగొట్టిండ్రని అడుగడా? నువ్వొక్క పని చెయ్. దేవుని ఫోటో పెట్టు. అందరికీ గదే చెప్పిన."

"నా దగ్గర దేవుని ఫోటోలు లేవు."

"గోడకు క్యాలెండర్ లేదా? దాన్ని ఫోటో కొట్టు. నీ మొఖం పడకుండ చూస్కో. పడితే భజన అంటే ఎవడూ నమ్మడు."

లింగమూర్తికి నవ్వు రాలేదు. లేచి క్యాలెండరులో ఉన్న శివుణ్ణి ఫోటో తీశాడు. ఫోను కదిలి శివుడు రెండుగా వచ్చాడు. మళ్ళీ తీశాడు.

సాయంత్రానికి గుంపు గుడిలా తయారైంది. పూలు, దీపాలు, పంచాక్షరి. తాళం మీద రోజూ బూతులు రాసే గంగారాం హారతి పాట పెట్టాడు. బాలకృష్ణుడు ఒక్కొక్క దానికీ చేతులు జోడించిన బొమ్మ పంపాడు. ఆ జోడించిన చేతులు చూసినకొద్దీ లింగమూర్తికి భయం ఎక్కువైంది. అన్నీ తెలిసి ఆడిస్తున్నాడనిపించింది.

వినోద బడి నుంచి వచ్చింది. ఎనిమిదో తరగతి. తడిసిన చెప్పులు గడప బయట విడిచి, సంచి మంచం మీద పడేసింది.

"ఇటు రా. ఫోన్ల లింకు అంటే ఏంది? నేనియ్యకుండ నా గుంపు లింకు బయటికి ఎట్ల పోతది?"

"భజన మండలిదా?" వినోద మొహం వెలిగింది. "మా క్లాసు పేజీల పెట్టినం బాపూ."

అతని చేతిలోంచి ఫోను తీసుకుని చకచకా వేళ్ళు ఆడించి చూపించింది. పైన పిల్లల ఫోటో. దాని కింద హోంవర్కు, పరీక్షల తేదీలు. ఇంకా కిందికి పోతే చర్చా గుంపులు. సైన్సు సందేహాలు, లెక్కలు, పద్యాలు, తల్లిదండ్రుల మాట. చివరన మార్కండేయ భజన మండలి. పక్కనే నీలం అక్షరాల్లో, చేరండి అని.

"పెద్దలు పేజీ చూస్తలేరు అన్నది మేడం. మీ ఇండ్లల్ల వాళ్ళు మాట్లాడుకునే గ్రూపులుంటే తెండి, అవి గుడ పెడదాం, అప్పుడన్న చూస్తరు అన్నది. నువ్వు పండుకున్నప్పుడు నీ ఫోన్ల తీసిన. క్లాసుల ఫస్ట్ నేనే తెచ్చిన. మేడం చప్పట్లు కొట్టిపిచ్చింది."

లింగమూర్తి చెయ్యి లేచింది. లేచిన చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక నెత్తి మీద పెట్టుకున్నాడు.

"దీన్ని ఎవరెవరు చూస్తరు?"

"అందరు. నొక్కితే చాలు, లోపలికి వస్తరు."

"మాస్టర్ బిడ్డ నీ క్లాసే కద?"

"ప్రణీతనా? ఔ. నా పక్కనే కూసుంటది. ఏమైంది బాపూ?"

ఏమీ కాలేదన్నాడు. మాస్టర్ అంటే కార్ఖానా మాస్టర్ కమలాకర్. మనుషుల్ని పనిలో పెట్టేదీ తీసేదీ అతనే. పెట్టినవాళ్ళకు ఉండే గది చూపించేదీ అతనే. ఈ గది కూడా అతని మాట మీదే దొరికింది. పని పోతే గది పోతుంది. గది పోతే బిడ్డను ఏ ఊరు తీసుకుపోవాలో, ఏ బడిలో వెయ్యాలో లింగమూర్తికి తెలియదు. వినోద పదో తరగతి దాటేదాకా ఈ గది నిలవాలి. అతని భయమంతా అదే.

మర్నాడు పాళీ దిగి ఇంటికి పోకుండా నేరుగా బడికి పోయాడు. జుట్టు నిండా నూలు దుమ్ము అలాగే ఉంది. సంధ్య టీచరు హాజరు వేస్తోంది. బయటికి వచ్చి నమస్కారం పెట్టింది. లింగమూర్తి పెట్టలేదు.

"మా గుంపు మీ పేజీల ఎందుకు పెట్టిండ్రు?"

"వినోద తెచ్చిందండీ. మీకు చెప్పే తెచ్చిందనుకున్నాను."

"పిల్ల తెస్తే పెడుతరా? రేపు నా ఇంటి తాళంచెవి తెస్తే అది గుడ గోడకు తగిలిస్తరా?"

ఆమె మొహం ఎర్రబడింది. "తప్పే లింగమూర్తి గారూ. మిమ్మల్ని అడగాల్సింది. భజన మండలి కదా, నలుగురూ చేరితే మంచిదే అనుకున్నాను." ఫోను తీసి అతని ముందే ఆ వరుస తుడిచేసింది. "తీసేశాను. ఇప్పటికే చేరినవాళ్ళుంటే మాత్రం మీరే తీసుకోవాలి. అందులో ఏమన్నా ఇబ్బంది ఉందా? చెప్తే నేను..."

"ఏం లేదు. భజనే."

"మరి అంత కంగారు పడుతున్నారు."

"కంగారని నేనన్ననా?"

గది లోపల నుంచి వినోద తల వంచుకుని చూస్తోంది. పక్కన జడకు ఎర్ర రిబ్బను కట్టిన పిల్ల. అదే మాస్టర్ బిడ్డ కావాలి. ఆ పిల్ల లింగమూర్తిని చూసి చిన్నగా నవ్వింది. అతను చూపు తిప్పుకుని మెట్లు దిగాడు.

పొద్దుగూకే వేళకు కార్ఖానా ముందు చాయ్ బండి దగ్గర పరమేశ్ నిలబడి ఉన్నాడు. లింగమూర్తి సంగతంతా చెప్పాడు. పరమేశ్ గ్లాసు తిప్పుతూ విన్నాడు.

"అయితే బడోళ్ళల్ల ఎవరో ఒకరు. మాస్టర్ కాకపోవచ్చు."

"అయితే?"

"అయితే ఏంది, ఎట్లనన్న చెప్పవలసిందే కద. లేబర్ ఆఫీసుకు పోతే శేఠ్‌కు తెల్వదా?"

"నాకొద్దు. బంద్ చెయ్. గుంపు తీసెయ్, వీడియో తీసెయ్."

పరమేశ్ గ్లాసు కింద పెట్టాడు. "గంగవ్వ వదిన దినాల నాడు ఏమన్నవ్ అన్నా? అమ్మ పానం పోతున్నదని పిల్ల ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే తాళం లోపట కొట్టుకున్న, తెల్లారి పోయి పీనుగను చూసిన అన్నవ్. ఆ తాళం ఊడదీపియ్యకుంటే నేను గంగవ్వ మొగన్నే కాదన్నవ్. నువ్వన్నందుకే కద నేను దూకిన."

లింగమూర్తి చాయ్ డబ్బులు తీసి బండి మీద పెట్టాడు.

"భయపడకు. నువ్వెక్కడ కనబడుతున్నవ్? చెయ్యి నాది." కడియం పైకి తోసుకుని నవ్వాడు. "కనబడితే నేనే హీరో."

లోపలికి పోయారు. పగటి పాళీ వాళ్ళు చెవుల్లో దూది తీసుకుంటూ బయటికి వస్తున్నారు. లింగమూర్తి తన సాంచెల మధ్యలో నిలబడి పడుగు చుట్టిన ఒక్కో బీము మీద అరచెయ్యి ఆనించి చూసుకున్నాడు. తెగిన పోగును తీసి, రెండు కొసలూ వేళ్ళ మధ్య నలిపి ముడి వేశాడు. ముడి పడలేదు. మళ్ళీ వేశాడు. ఇరవై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని వేసే ముడి.

షట్టరు పడకముందు కమలాకర్ ఒక చుట్టు తిరగడం అలవాటు. ఫోను చూసుకుంటూ వచ్చాడు. లింగమూర్తి వెనకాల ఆగాడు. ఫోను వైపు చూశాడు. లింగమూర్తి వైపు చూశాడు. మళ్ళీ ఫోను చూసి పెదవి కొసన నవ్వాడు. ఎదుటి సాంచె మీద పోగు తెగి, బట్టలో సన్నటి గీత పొడుగ్గా సాగిపోతోంది. లింగమూర్తికి కనబడలేదు. కమలాకరే చెయ్యి చాచి సాంచె ఆపాడు. ఆ మోతలో నోటి మాట పనిచెయ్యదు. గీతను వేలితో చూపించి, తర్వాత తన ఛాతీ మీద వేలు పెట్టుకుని, కాబిన్ వైపు చూపించాడు. పొద్దున వచ్చి కలవమని.

అతను వెళ్ళిపోయాడు. షట్టరు దిగింది. తాళం పడ్డ చప్పుడు సాంచెల మోతలో వినబడదు. లింగమూర్తికి వినబడింది.

తెల్లారి తాళం తీశాక పరమేశ్ చెయ్యి ఊపి ముందు పోయాడు. లింగమూర్తి కాబిన్‌లోకి పోయాడు. కమలాకర్ సాసర్‌లో చాయ్ పోసుకుంటున్నాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"లింగమూర్తీ, నువ్వు ఆ భజన మండలిల ఉన్నవట కద."

"మాస్టర్‌సాబ్, వీడియో నేను తియ్యలే."

సాసర్ పెదవుల దగ్గర ఆగింది.

"ఏ వీడియో?"

అక్కడ ఆగితే సరిపోయేది. ఏదో భజన వీడియో అంటే అయిపోయేది. నోరు ఆగలేదు. రాత్రంతా లోలోపల చెప్పుకున్న మాటలు వరసగా బయటికి వచ్చాయి.

"తాళం వీడియో. పరమేశ్ తీసిండు. ఫోన్ వానిదే. చెయ్యి గుడ వానిదే, కడెం చూడుండ్రి. లేబర్ ఆఫీసులిస్త అన్నడు. నేను వద్దన్న. ఎన్నిసార్లన్ననో దేవునికెరుక. నాకు ఆడపిల్ల ఉన్నది మాస్టర్‌సాబ్."

కమలాకర్ సాసర్ బల్ల మీద పెట్టి చెయ్యి చాచాడు. లింగమూర్తి ఫోను తెరిచి, గుంపును పైకి తోసి, వీడియో మీద వేలు పెట్టి ఇచ్చాడు. కమలాకర్ ఒకసారి చూశాడు. శబ్దం తగ్గించి ఇంకోసారి చూశాడు. దాన్ని తన ఫోనుకు పంపుకున్నాడు.

చాయ్ మీద మీగడ కట్టింది.

"నేను పిలిచింది దీనికి కాదు" అన్నాడు చివరికి. "మా ఇంటామె ఉషాదేవి, బిడ్డ క్లాసు పేజీల చూసి మీ గుంపుల చేరింది. రోజూ దేవుని ఫోటోలు వస్తున్నయని మస్తు సంబురపడుతున్నది. సోమవారం మా ఇంట్ల భజన పెట్టుకుందాం, మండలోళ్ళను అడుగు అన్నది. నువ్వు భజన చేస్తవంటే రాత్రి నాకు నవ్వొచ్చింది."

లింగమూర్తి తన ఫోను కోసం చెయ్యి చాచాడు.

"ఆమె ఫోన్ నేను చూసిన. అండ్ల శివుడు, పూలు తప్ప ఏం లేవు." కమలాకర్ అతని వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. బట్టలో గీతను చూసినట్టు చూశాడు. "ఇప్పుడన్నది శేఠ్ ముంగట అంటవా?"

లింగమూర్తి తల ఊపాడు.

ఆ సాయంత్రం వాచ్‌మన్ పరమేశ్‌ను గేటు దగ్గరే ఆపేశాడు. మర్నాడు పొద్దున, వాన పడుతుండగా, పరమేశ్ లింగమూర్తి గడప దగ్గరికి వచ్చాడు. భుజాన సంచి, చంకలో చుట్టిన చాప. కింది పెదవి చిట్లి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"గది ఖాళీ చేసిన. శేఠ్ మనుషులు సాయం చేసిండ్రులే, సామాను బయట పారేసుడు వాళ్ళకు బాగ వచ్చు."

"ఎటు పోతున్నవ్?"

"వడోద్‌ల మా బామ్మర్ది ఉన్నడు. పాండేసరల మిల్లు ఏదన్న చూస్త." తడి మొహం తుడుచుకున్నాడు. "ఎట్లయిందో నాకెరుకే అన్నా. ఆ టీచరమ్మ లింకు పెట్టె, మాస్టర్ ఇంట్ల వీడియో చూసిరి. నీ పేరు రాలే, అదొక్కటి మంచిగైంది. నేను ఒక్కన్ని, ఎక్కడన్న పడుంట."

లింగమూర్తి తల తిప్పి చూశాడు. వెనక వినోద నిలబడి వింటోంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఆ పంతులమ్మ మట్టిల గలువ" అన్నాడు.

"పోనీ తియ్." పరమేశ్ వినోద తల మీద చెయ్యి పెట్టాడు. "ఏడువకు బిడ్డా. నువ్వేం జేసినవ్? లింకే కద." బురదలో కాళ్ళు ఈడ్చుకుంటూ గల్లీ మలుపు తిరిగాడు.

సోమవారం మండలి కమలాకర్ ఇంటికి పోయింది. పోకపోతే కుదరదు. భజన తాళాలు ఎక్కడో అరువు తెచ్చారు. గంగారాం ఫోనులో పాట చూసి చదువుతుంటే మిగతావాళ్ళు చివరి మాట అందుకున్నారు. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. లింగమూర్తి చేతికి తాళాలు ఇచ్చారు. అతను సాంచె మోత లయలోనే వాటిని కొట్టాడు. ఉషాదేవి అందరికీ పులిహోర పెట్టి, మనోళ్ళల్ల ఇంత భక్తి ఉన్నదని ఆ పేజీ చూసేదాకా తెల్వనే తెల్వదు అంది. పరమేశ్ రాలేదేమని ఒకరు గుసగుసగా అడిగారు. బడి పంతులమ్మ పేజీ వల్ల దొరికిపోయాడని లింగమూర్తి చెప్పాడు. మాట తొట్రుపడలేదు. కమలాకర్ గుమ్మంలో నిలబడి విని లోపలికి పోయాడు.

అక్కడి నుంచే పాళీకి పోయారు. షట్టరు దిగింది. తాళం పడింది.

మర్నాడు బడికి సెలవు. లింగమూర్తి వచ్చేసరికి వినోద అన్నం వండి, పప్పు గిన్నె మీద మూత పెట్టి కూర్చుని ఉంది. పరమేశ్ పోయిన రోజు నుంచి ఆ పిల్ల సరిగా తినడం లేదు. కంచం పెట్టింది. నీళ్ళ చెంబు పెట్టింది. ఎదురుగా కూర్చుంది.

"మేడం పేజీల గ్రూపులన్నీ తీసేసింది బాపూ. నా వల్ల ఒకరి పని పోయిందని ఏడ్చింది."

"ఏడువనీ."

"నేను గుడ ఏడ్చిన. లింకు తెచ్చింది నేనే కద." పిల్ల చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "మల్ల మేడం ఒకటి చెప్పింది. లింకుల నుంచి కొత్తగ చేరినోళ్ళకు పాతయి కనబడయట. చేరినంక పెట్టినయే కనబడుతయట. నేను నమ్మలే. ప్రణీత వాళ్ళ మమ్మీ ఫోన్ అడిగి చూసిన. ఎంత పైకి పోయినా నీ శివుని ఫోటో దగ్గరనే ఆగుతది."

లింగమూర్తి ముద్ద కలుపుతున్నాడు.

"మరి వీడియో మాస్టర్‌కు ఎట్ల దొరికింది బాపూ?"

పైకప్పు రేకుల మీద వాన పడుతోంది. పక్క గదిలో ఎవరో రేడియో పెట్టి ఆపేశారు. వినోద కళ్ళు ఎత్తి చూస్తోంది. ఆ కళ్ళలో నింద లేదు. తన తప్పు కాదనే ఒక్క మాట కోసం చూస్తోంది. ఆ మాట చెప్పాలంటే దాని వెనక ఇంకో మాట చెప్పాలి.

"నా వల్లనా, కాదా? గదొక్కటి చెప్పు."

"వినోదా." గొంతు పెద్దది కాలేదు. "పరమేశ్ పేరు ఈ ఇంట్ల ఇంకోసారి వినబడొద్దు. ఆ పేజీ ముచ్చట, ఆ వీడియో ముచ్చట ఇంకెవ్వలతోని తియ్యద్దు. నువ్వడుగొద్దు. నేను చెప్ప."

"బాపూ..."

"చెప్ప అన్న."

వినోద లేచి పొయ్యి దగ్గరికి పోయి, అటు తిరిగి కూర్చుంది. లింగమూర్తి కంచం దగ్గరికి లాక్కుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆ రోజు గానీ, ఆ తర్వాత ఎన్నడు గానీ, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.